అడవికి అడవే అడ్డు

ప్రకృతిని ప్రేమించడంలో నేనెవరికీ తీసిపోను. అందుకే మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అమర్చిన క్యాంపర్ బండి వేసుకుని ఏటా అడవులకు పోతుంటాను. అయితే ఎన్నాళ్లుగానో కడుపులో దాచుకున్న ఒక బాధ ఇవాళ చెప్పుకోక తప్పడం లేదు. అడవుల్లో చెట్లు మరీ ఎక్కువైపోయాయి.

ఇది నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదు. టీవీ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది గానీ, భూమితో పాటు తిరగడానికి సెకనుకు మూడు కిలోమీటర్ల చొప్పున పరిగెడుతూనే ఉంటుంది పాపం. అక్కడి నుంచి బయల్దేరిన సిగ్నల్ శూన్యం దాటి, గాలి దాటి, నా బండికి ముప్పై అడుగుల దూరం దాకా క్షేమంగా వస్తుంది. అక్కడొక కొమ్మ. కొమ్మకు నాలుగాకులు. అంతే సంగతులు. పన్నెండు గిగాహెర్ట్జ్ దగ్గర నడిచే ఆ తరంగాలకూ ఆకుల్లోని నీటికీ పడదు. వాన వెలిశాక తడిసిన ఆకులైతే ఇక చెప్పనే అక్కర్లేదు. అంత దూరం నుంచి వచ్చిన చుట్టాన్ని గుమ్మం ముందు ఆపేసే మర్యాద ఈ చెట్లకు ఎవరు నేర్పారో!

అందువల్ల తల పండిన క్యాంపర్‌వాడు బండి దిగగానే సెలయేరు ఎటుందని చూడడు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాడైతే దక్షిణానికి తిరిగి, అక్కడ ఆకాశం ఎంత బోడిగా ఉందో చూస్తాడు. ఉత్తరానికి పోయే కొద్దీ ఉపగ్రహం కిందికి వాలిపోతుంది, చిన్నచిన్న చెట్లు కూడా అడ్డం పడడం మొదలెడతాయి. బండి పైకప్పు మీద గోపురంలాంటి ఆటోమేటిక్ డిష్ ఉన్న శ్రీమంతులు మీట నొక్కి కూర్చుంటారు, దాని ఉపగ్రహాన్ని అదే వెతుక్కుంటుంది. కానీ డిష్‌కు బోడి ఆకాశం కనిపించాలంటే బండి మొత్తం ఎండలోనే పెట్టాలి. చల్లని నీడ కోసం అడవికొచ్చి, మైదానం మధ్యలో పెనం మీద అట్టులా కాలుతూ టీవీ చూసే ఆ త్యాగధనులకు నా నమస్కారం. నాది ముక్కాలి స్టాండు, పొడుగాటి కేబుల్. బండి నీడలో, డిష్ ఎండలో, నేను ఆ రెంటికీ మధ్య.

ఉపగ్రహం దాకా దేనికి, దగ్గర్లో ఉన్న టవర్ నుంచి ఉచితంగా వచ్చే చానళ్లు పట్టుకోవచ్చుగా అంటారు తెలివైనవాళ్లు. పట్టుకున్నాం. 1926లో జపాన్‌లో యాగి, ఉడా అనే ఇద్దరు పెద్దమనుషులు చేపముల్లులాంటి యాంటెన్నాను లోకానికిచ్చారు. ముక్కు టవర్ వైపు పెడితే చాలన్నారు. టవర్ ఎటుందో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయారు. రోజుకో ఊళ్లో బస చేసేవాడికి టవరూ రోజుకొకటి మారుతుంది కాబట్టి చానళ్లన్నీ రోజూ మొదట్నుంచి స్కాన్ చేసుకోవాలి. పైగా పైకప్పు యాంటెన్నా పైకి లేపడానికి లోపల హ్యాండిల్ ఉంటుంది, అది లేచి ఉందని గుర్తుచేసే నాథుడు మాత్రం ఉండడు. నాకు గుర్తుచేసింది ఒక మర్రి కొమ్మ. చెట్ల మీద నా అభిప్రాయానికి ఇదీ ఒక కారణమే, దాచడమెందుకు.

అనలాగ్ కాలంలో సిగ్నల్ నీరసిస్తే బొమ్మ మీద మంచు కురిసేది. ఆ మంచులోనే బంతి ఎటు పోయిందో ఊహించుకుని సంతోషించేవాళ్లం. డిజిటల్‌కు అలాంటి మొహమాటాలు లేవు. ఉంటే అద్దంలా ఉంటుంది, లేకపోతే అమావాస్య. మధ్యలో ఒకే ఒక్క మెట్టు. అక్కడ వార్తలు చదివే ఆవిడ చెంప ఒక గడిలో, నోరు ఇంకో గడిలో ఆగిపోయి, "ప్రభుత్వం నిర్ణ..." అన్న మాట గాల్లో వేలాడుతూ ఉంటుంది. ఆ రాత్రి ప్రభుత్వం ఏం నిర్ణయించిందో మాకు ఇప్పటికీ తెలియదు. పెద్దగా నష్టపోయినట్టూ లేదు.

ఇక మొన్నటి సంగతి. రాత్రికి ఫైనల్ మ్యాచ్. మధ్యాహ్నమే డిష్ బిగించాను. డిష్‌కు మూడు లెక్కలుంటాయి. ఏ దిక్కుకు తిప్పాలి, ఎంత ఎత్తాలి, డిష్ పోగుచేసిన సిగ్నల్‌ను అందుకోవడానికి ముందుకు ముక్కులా పొడుచుకొచ్చిన ఎల్‌ఎన్‌బీ అనే డబ్బాను ఎంత వంచాలి. స్టాండు నిటారుగా లేకపోతే ఎత్తు చూపించే గీతలన్నీ అబద్ధాలే. దిక్సూచిని బండి పక్కన పట్టుకుంటే దాని ఇనుముకు లొంగిపోయి బండే ఉత్తరమంటుంది. ఉపగ్రహాలేమో ఆకాశంలో రెండు మూడు డిగ్రీల ఎడంతో వరసకట్టి ఉంటాయి. నేను గోరంత జరిపితే అక్కడ కొండంత తేడా.

మా ఆవిడ లోపల టీవీ ముందు, నేను బయట.

"వచ్చిందా?"

"రాలేదు!"

"ఇప్పుడు?"

"రాలేదండీ!"

మళ్లీ కాస్త జరిపాను.

"ఆఁ, వచ్చింది... అయ్యో, పోయింది! ఏం చేశారు?"

నేనేం చేశానంటే, జరిపాను. సిగ్నల్ తగిలిన తర్వాత దాన్ని పోల్చుకోవడానికి రిసీవర్‌కు కొన్ని సెకన్లు పడుతుంది. ఆమె "వచ్చింది" అనే సరికి నేను రెండో డిగ్రీలో ఉంటాను. అంటే ఆమె ఎప్పుడూ నా గతం గురించే చెబుతుంది. పెళ్లయిన కొత్తలోనూ అంతే.

గంటన్నర గడిచాక నాకో ఉపాయం తట్టింది. పక్క స్థలంలో ఇంకో క్యాంపర్ ఉంది. దాని ముందు అచ్చం నాలాంటి డిష్ ఎంతో నిబ్బరంగా ఆకాశంలోకి చూస్తోంది. అంచుకు ఒక తువ్వాలు వేలాడుతోంది. ఇంత భరోసాగా డిష్ పెట్టినవాడు సామాన్యుడు కాడనుకున్నాను. దాని వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, అదే దిక్కు, అదే ఎత్తు, ముక్కు వంపుతో సహా నా డిష్‌కు దించేశాను.

"ఏమండీ, స్ట్రెంత్ ఎనభై! క్వాలిటీ సున్నా!"

బలముంది, గుణం లేదు. అంటే ఏదో తగులుతోంది గానీ అది మనది కాదు. ఆయనది వేరే ఉపగ్రహం అయ్యుంటుందని వెళ్లి తలుపు తట్టాను. ఒక పెద్దాయన బయటికొచ్చారు.

"నమస్కారమండీ. మీ డిష్ ఏ ఉపగ్రహానికి పెట్టారో చెబుతారా?"

"ఉపగ్రహమా?" ఆయన డిష్ వైపు చూసి, తువ్వాలు తీసి దులిపి, రెండో వైపు తిప్పి మళ్లీ వేశారు. "మా టీవీ పోయి రెండేళ్లయింది బాబూ. దీన్ని ఇలా దక్షిణానికి తిప్పి పెడితే సాయంత్రం దాకా ఎండ తగులుతుంది. ఇట్టే ఆరిపోతాయి."

తర్వాత నా డిష్ వైపు చూసి ఎంతో ఆప్యాయంగా అడిగారు. "మీరేం ఆరేసుకుంటున్నారు?"