మ్యాజిక్ ఫిగర్ 272 గారికి

మహారాజశ్రీ 272 గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. అయినా మీకేం, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా మీ కుర్చీ కదలదు. లోక్‌సభలో ఎన్నికయ్యే సీట్లు 543 ఉన్నన్నాళ్లూ మీరు అక్కడే ఉంటారు. టీవీ వాళ్లు మీకు మ్యాజిక్ ఫిగర్ అని ముద్దుపేరు కూడా పెట్టారు. 543ని రెండుతో భాగిస్తే 271న్నర వస్తుంది, అర మనిషి ఎంపీ కాలేడు కాబట్టి మీరు వచ్చారు. ఇందులో మ్యాజిక్ ఏముందో నాకైతే అర్థం కాలేదు. ఐదో తరగతి లెక్క చుట్టూ రచ్చబండ నుంచి ఢిల్లీ స్టూడియో దాకా ఇంత సంసారం నడుస్తోందంటే అది మీ జాతకబలం.

పోటీ హోరాహోరీగా ఉంది, ఎవరికీ పూర్తి మెజారిటీ రాదు అని ఎవరో ఒక సర్వే వదలడమే ఆలస్యం, మావాళ్లకు పూనకం వచ్చేస్తుంది. హంగ్ అంటే మిగతా దేశానికి టెన్షన్ ఏమో గానీ తెలుగువాడికి పండగ. కేంద్రంలో ఎవరు రావాలన్నది మాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ వచ్చేవాళ్లకు ఎన్ని తగ్గాలి? మరీ తక్కువ తగ్గితే నలుగురు ఇండిపెండెంట్లతో పనైపోతుంది. మరీ ఎక్కువ తగ్గితే రాష్ట్రపతి అవతలి కూటమిని పిలుస్తారు. కాబట్టి మేం చేయి వేస్తే తప్ప బండి కదలనంత తగ్గాలి, అంతే తగ్గాలి. అప్పుడు మా నాయకుడు ఢిల్లీ వెళ్లి చక్రం తిప్పుతాడు. ఆ చక్రం ఎప్పుడూ ఢిల్లీలోనే ఉంటుంది, తిప్పే మనిషి మాత్రం ఎప్పుడూ ఇక్కణ్ణుంచే విమానం ఎక్కాలి.

అంటే దేవుడికి మేం మొక్కుకునేది మీరు రావాలని కాదు సార్, మీరు ఎవరికీ దక్కకూడదని. ఇంతమంది రాకూడదని కోరుకునే అతిథి ఈ దేశంలో ఇంకొకరు ఉండరు. ఏమీ అనుకోకండి.

మాకు తీరిక కూడా మీవాళ్లే ఇస్తున్నారు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఏప్రిల్ 11న ఓటేశాయి, ఫలితం మే 23న వచ్చింది. మధ్యలో 42 రోజులు. ఆంధ్రప్రదేశ్‌కి 25 సీట్లు, తెలంగాణకి 17, మొత్తం 42. సీటుకో రోజు చొప్పున లెక్కలేసుకోండని ఎన్నికల సంఘం సెలవిచ్చినట్టే కదా! 2024లో మే 13న ఓటేస్తే జూన్ 4న లెక్కించారు, 22 రోజులకే మా ఆనందాన్ని కత్తిరించారు. చివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్స్ చెప్పకూడదని చట్టం ఉంది, నిజమే. ఆ చట్టం మా బాబాయికి వర్తించదు.

మా బాబాయి గురించి మీకు చెప్పాలి. మేలో ఇంటికొచ్చిన ప్రతి శుభలేఖనూ తిరగేసి, వెనక తెల్లగా ఉందో లేదో చూసి, ఉంటే తీసి జేబులో పెట్టుకుంటాడు. పెళ్లికి వెళ్తాడో లేదో తర్వాతి సంగతి. భోజనాలయ్యాక కళ్లజోడు సర్దుకుని మొదలెడతాడు. "ఉత్తరప్రదేశ్ 80, సగం వేసుకో. మహారాష్ట్ర 48, అది కూడా సగం వేసుకో. బెంగాల్ 42, అక్కడ ఆవిడుంది, ఆవిడ జోలికి పోవద్దు, పక్కన పెట్టు. తమిళనాడు 39, వాళ్లు ఇచ్చేది ఒక్కడికే ఇస్తారు, గంపగుత్తగా రాసెయ్. బీహార్ 40..." ఇక్కడ పెన్ను ఆగుతుంది. "అక్కడ ఆయన ఎటుంటాడో ఆయనకే తెలీదురా, రెండు వైపులా వేసుకుందాం." కింద గీత గీసి కూడితే మొత్తం 543 దాటిపోయింది. "బాబాయ్, ఉన్న సీట్ల కంటే ఎక్కువొచ్చాయి" అన్నాను. "పొత్తు లెక్కలు అట్లాగే ఉంటాయిరా, రిజల్ట్ వచ్చాక అవే సర్దుకుంటాయి" అని శుభలేఖ మడిచి పెట్టుకున్నాడు. టచ్‌స్క్రీన్ ముందు సూటు వేసుకుని నిలబడే పెద్దమనిషి చేసేదీ ఇదే లెక్క. కాకపోతే ఆయనకు జీతం ఇస్తారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, మేం పేరుతో ఆగం సార్. సోమలింగానికి శాఖ కూడా ఇచ్చేస్తాం. రైల్వే అయితే విశాఖ రైల్వే జోన్ పని అవుతుంది అని ఒకడంటాడు. జలశక్తి తీసుకోవాలి, పోలవరం ఉంది కదా అని ఇంకొకడు. ఇవన్నీ ఎందుకు, స్పీకర్ పదవి పట్టుకుంటే ప్రభుత్వం మెడ మన చేతిలో ఉంటుంది అని అరుగు చివర కూర్చున్నాయన తేల్చేస్తాడు. ఓట్లు ఇంకా స్ట్రాంగ్‌రూమ్‌లో సీలు మీద ఉంటాయి. ఇక్కడ మంత్రివర్గ విస్తరణ కూడా అయిపోతుంది.

ఇక నాయకుల మర్యాదపూర్వక భేటీలు. ఇద్దరు నాయకులు కలిశారంటే ఏం మాట్లాడుకున్నారన్నది ఎవరికీ అక్కర్లేదు. శాలువా ఏ రంగు, ఎవరు ఎవరికి కప్పారు, కప్పేటప్పుడు నవ్వారా లేదా, ఇవీ ఆధారాలు. 2024 జూన్ 5న బీజేపీ కూటమిలోని జేడీయూ నేత నితీశ్ కుమార్, అవతలి కూటమిలోని తేజస్వి యాదవ్ ఒకే విమానంలో ఢిల్లీ వెళ్లారు. ముందు ఆయన ముందు సీటులో, ఈయన వెనక సీటులో ఉన్న ఫొటో వచ్చింది. ఆ తర్వాత పక్కపక్కన కూర్చున్న ఫొటో వచ్చింది. పట్నా నుంచి ఢిల్లీ వెళ్లేలోపు ఆ రెండు ఫొటోల మీద ఒక ప్రభుత్వం పడిపోయి, మళ్లీ లేచి నిలబడింది. సీటు మారింది విమానంలో సార్, లోక్‌సభలో కాదు.

ఇంత కష్టపడి ఊహిస్తే ఒక్కసారైనా మా మాట నిలబెట్టారా మీరు? పాత పద్దు తీస్తున్నాను, చిత్తగించండి.

1989. నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్ మన ఎన్టీ రామారావు గారు. కాంగ్రెస్ 197 దగ్గర ఆగిపోయింది, బయటి నుంచి బీజేపీ, వామపక్షాలు చెరో భుజం పట్టాయి, ఫ్రంట్ గద్దెనెక్కింది. ఫ్రంట్ కట్టిన పెద్దాయనకు ఇంట్లో మిగిలిన లోక్‌సభ సీట్లు రెండు. రాష్ట్ర ప్రభుత్వం కూడా పోయింది. చక్రం తిరిగింది, తిప్పిన చేయే నలిగింది. ప్రధాని ఎవరన్నది మాత్రం ఎవరైనా ఊహించగలిగారా? సెంట్రల్ హాల్లో వీపీ సింగ్ లేచి దేవీలాల్ పేరు ప్రతిపాదించారు. దేవీలాల్ లేచి, నాకొద్దు, వీపీ సింగే ఉండాలన్నారు. అదే హాల్లో కూర్చున్న జనతాదళ్ నేత చంద్రశేఖర్‌కే తెలియని సంగతి అరుగు మీద మాకెలా తెలుస్తుంది? ఏడాది తిరక్కుండా ఆ చంద్రశేఖరే అరవై పైచిలుకు ఎంపీలతో, కాంగ్రెస్ బయటి మద్దతుతో ప్రధాని అయ్యారు. రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు కనబడ్డారన్న గొడవతో 1991 మార్చిలో దిగిపోయారు. ఇద్దరు కానిస్టేబుళ్లకు ఏ సర్వేలో కాలమ్ ఉంటుంది చెప్పండి.

1996లో ఎర్రకోట మీద జెండా ఎగరేసే మనిషి ఎవరని దేశమంతా పందేలు కాసింది. 161 సీట్ల బీజేపీ వచ్చి 13 రోజులు ఉండి వెళ్లింది. జ్యోతి బసు గారిని పిలిస్తే ఆయన పార్టీ వద్దంది. ఆఖరికి 46 సీట్ల జనతాదళ్ నుంచి, అప్పటికి ఎంపీ కూడా కాని కర్ణాటక ముఖ్యమంత్రి దేవెగౌడ వచ్చి కూర్చున్నారు. యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబు నాయుడు. అప్పట్లో ఢిల్లీ ఆంధ్రభవన్‌లో ప్రధానులు తయారయ్యేవారని మావాళ్లు ఈనాటికీ మీసం దువ్వుతారు. తయారైన ఇద్దరూ, దేవెగౌడ, ఆ తర్వాత గుజ్రాల్, కలిసి రెండేళ్లు పూర్తి చేయలేదన్నది మాత్రం ఎత్తరు.

1999 ఏప్రిల్ 17. ఆరోజు మీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. వాజ్‌పేయి ప్రభుత్వానికి 269, వ్యతిరేకంగా 270. స్పీకర్ కుర్చీలో మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. ఒడిశా ముఖ్యమంత్రిగా వెళ్లి రెండు నెలలైనా ఎంపీ పదవి వదులుకోని గిరిధర్ గమాంగ్ వచ్చి వ్యతిరేకంగా ఓటేశారు. ఒక్క ఓటు. ఆ తర్వాత నాలుగు రోజులకు రాష్ట్రపతి భవన్ బయట సోనియా గాంధీ మీ పేరు ఎత్తి మరీ చెప్పారు, 272 మంది ఉన్నారు, ఇంకా వస్తారని. ములాయం సింగ్ రానన్నారు, మీరూ రాలేదు. దేశం మళ్లీ క్యూలో నిలబడి ఓటేసింది.

మిమ్మల్ని ఖాతరు చేయని తెలుగువాడు ఒక్కడే కనబడతాడు, పీవీ నరసింహారావు గారు. 1991లో మీకు చాలా దూరంలోనే ఆగిపోయారు, అయినా ప్రమాణం చేశారు. 1993 జూలైలో అవిశ్వాసం పెడితే అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 వచ్చి తీర్మానం వీగిపోయింది. సభకు వచ్చి ఓటేసినవాళ్లలో ఎక్కువమంది ఉంటే చాలు, మీరే రావాలని ఎక్కడా లేదన్న గుట్టు ఆయనకు తెలుసు. ఆ 265 ఎలా పోగయిందన్న సంగతి వేరే, జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీల ముడుపుల కేసు 2024 దాకా సుప్రీంకోర్టును వదల్లేదు. కొత్త పుస్తకాలు చదివే కుర్రాళ్లు పొత్తు ధర్మం అంటారే, దాని ధర కూడా అప్పుడే తెలిసింది.

2019 మాత్రం నేను మరిచిపోలేను. ఒకే వేసవిలో మూడు తెలుగు కలలు. హైదరాబాద్ నుంచి ఫెడరల్ ఫ్రంట్ అని కేసీఆర్ గారు కేరళ వెళ్లారు, చెన్నై వెళ్లారు. "కారు, సారు, పదహారు" అన్నారు, తొమ్మిది వచ్చాయి. లెక్కింపుకు వారం ముందు చంద్రబాబు గారు ఢిల్లీ, లక్నో మధ్య తిరిగి అందరినీ ఒక తాటి మీదకు తెచ్చే పనిలో ఉన్నారు. ఇంట్లో మూడు వచ్చాయి. జగన్‌మోహన్ రెడ్డి గారికి ఏకంగా 22 వచ్చాయి, చక్రం తిప్పడానికి సరిపడా సరుకు. అవతల బీజేపీకి 303. ఢిల్లీ వెళ్లి వాళ్లకు 250 దగ్గర ఆగి ఉంటే బాగుండేదని ఆయన బహిరంగంగానే బాధపడ్డారు. ఇంతకంటే నిజాయితీగా మా అందరి మనసులో మాట ఎవరూ చెప్పలేదు.

సరే, ఇక లాభం లేదని మేం ఆశ వదిలేశాక మీరు చేసిన పని చూడండి. 2024లో హంగ్ గురించి మాట్లాడేవాణ్ణి చూసి నవ్వారు. బీజేపీ కూటమి 400 దాటుతుందన్నారు, ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు 350 పైన ఇచ్చాయి. బాబాయి కూడా ఆ ఏడాది శుభలేఖలు పోగు చెయ్యలేదు. జూన్ 4న బీజేపీ 240 దగ్గర ఆగింది. తెలుగుదేశం 16, జేడీయూ 12. మేం నలభై ఏళ్లుగా కోరుకున్నంతే తగ్గింది, అక్షరాలా అంతే! సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 4,389 పాయింట్లు పడింది, సర్వే చేసిన పెద్దమనిషి ఒకాయన టీవీలోనే కళ్లు తుడుచుకున్నాడు. తెలంగాణలో మాత్రం ఈ సంబరం లేదు, అక్కడ బీజేపీకి 8, కాంగ్రెస్‌కి 8, మజ్లిస్‌కి 1. చక్రం తిప్పుతానన్న పార్టీకి సున్నా.

పుట్టిన సోమలింగానికి ఏ శాఖ వచ్చిందని అడగరేం? రైల్వే రాలేదు, జలశక్తి రాలేదు, స్పీకర్ కుర్చీలో మళ్లీ ఓం బిర్లాయే కూర్చున్నారు. విమానయానం వచ్చింది. ఢిల్లీ వెళ్లి చక్రం తిప్పేవాళ్లకు దారి ఖర్చులు కలిసొస్తాయని కాబోలు. జూలై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు ఏర్పాటు చేస్తామన్నారు. అది అప్పా, గ్రాంటా అని అరుగు మీద ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. ఆ రెంటి మధ్య ఏ పొత్తూ కుదిరేలా లేదు.

ఇప్పుడు వచ్చే ఎన్నికల లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. ఈసారి నాకొక్క చిన్న సాయం చేయండి. ఎవరికి దక్కాలనుకుంటున్నారో వాళ్లకు దక్కండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ సంగతి మధ్యాహ్నం రెండింటికల్లా తేల్చండి. పోస్టల్ బ్యాలెట్లు తెరిచిన గంటకే ఆధిక్యాలని చూపించి, పదింటికి ఒకణ్ణి ప్రధానిని చేసి, పదకొండుకి దించేస్తుంటే, మా ఇంట్లో ఇద్దరు బీపీ మాత్ర వేసుకునేవాళ్లున్నారు. ఎకరాలు పందెం కాసినవాళ్ల మాట నేను ఎత్తను, వాళ్లు మీకు విడిగా రాసుకుంటారు.

ఇంకొక మాట, మీ ఉద్యోగం గురించి. లోక్‌సభ సీట్లను రాష్ట్రాలకు పంచే లెక్కను 1976లో ఆపేశారు. 2001లో 84వ సవరణ చేసి, 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా అని గడువు పొడిగించారు. కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభకు 888 కుర్చీలు వేసి ఉంచారు. అన్ని కుర్చీలూ నిండితే మీరు ఇంటికే, మీ స్థానంలో 445 గారు వస్తారు. అప్పుడు మా వాటా ఎంతవుతుందో, దక్షిణాదికి ఎంత కోత పడుతుందో అని ఇక్కడ అందరూ దిగులుగా ఉన్నారు, మా బాబాయి తప్ప. ఆయన నిన్ననే కొత్త శుభలేఖ తీసి "ఉత్తరప్రదేశ్" అని రాసి, పక్కన ఖాళీ వదిలి, కింద "సగం వేసుకో" అని రాసిపెట్టుకున్నాడు.

ఇట్లు,
25 ప్లస్ 17లో ఒక ఓటరు

తా.క.: ఈ ఉత్తరం మీకు అందిందని ఎవరికీ చెప్పకండి. చెబితే మర్యాదపూర్వక భేటీ అని వేస్తారు.