మా నాన్న బీపీకి మా అమ్మ నోరు కారణం కాదు

ఇందాక మా మేనత్త వచ్చి వెళ్లింది. నాన్న సోంపేటలో డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. అమ్మ బీపీ చూస్తోంది. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఆ చేతికి పట్టీ కట్టకూడదు కాబట్టి కుడి చేతికే కడుతుంది. పట్టీ అతుక్కోవడం మానేసి చాలా రోజులైంది, మిషన్ గాలి నింపుకున్నంతసేపూ అమ్మ దాన్ని వేళ్లతో అదిమి పట్టుకోవాలి. 178/100. అత్త ఆ అంకె చూసి, "ఒదినా, నువ్వు కాస్త నోరు తగ్గించుకో. ఇంట్లో టెన్షన్ లేకపోతే మా అన్నయ్యకి బీపీ ఎందుకొస్తాది?" అంది.

అమ్మ ఏమీ అనలేదు. అంకె పుస్తకంలో రాసుకుని, వేడినీళ్లలో నానబెట్టిన బంగాళాదుంప ముక్కలు వార్చడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆరేళ్లుగా గ్లాసుతో కొలిచి నీళ్లిస్తున్నది ఆమె. అర్ధరాత్రి ఆయాసమొస్తే దిండ్లు ఎత్తుపెట్టి ఆయన్ని కూర్చోబెట్టేది ఆమె. మాట పడేది కూడా ఆమేనా? మన వైపు మగాడికి బీపీ వస్తే పెళ్లాం మీదకి తోసేస్తారు. ఉద్దానంలో పుట్టి, ఇంటింటా కిడ్నీ పేషెంట్లను చూస్తూ కూడా ఇదే మాటా!

కిడ్నీ పాడైనవాళ్ల బీపీలో నరాల పాత్ర ఉంది, నిజమే. కానీ అది మనసులో దిగులు వల్ల వచ్చేది కాదు. మనం సూది గుచ్చే రక్తనాళాన్ని కూడా నరమనే అంటాం. నేను చెప్పేది కబురు మోసే నరం. కిడ్నీకి వెళ్లే రక్తనాళం చుట్టూ ఇవి అల్లుకుని ఉంటాయి. దెబ్బతిన్న కిడ్నీ వీటి ద్వారా మెదడుకి ఆగకుండా కబుర్లు పంపుతుంది. మెదడు ఒళ్లంతా సింపథెటిక్ నరాలను లేపుతుంది. కుక్క వెంటపడితే గుండె దడదడలాడుతుంది చూడండి, అవే నరాలు. కుక్క వెళ్లిపోతే మనకి తగ్గిపోతుంది. మా నాన్నకి పడుకున్నా తగ్గదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, కిడ్నీ నుంచి రెనిన్ అనే రసాయనం వస్తుంది, దానివల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ నాళాలను ఇంకా బిగించి, ఉప్పుని ఒంట్లో ఆపి, మెదడు మీద పనిచేసి అవే నరాలను మళ్లీ రెచ్చగొడుతుంది. ఉప్పు, నీళ్లు కారణం కాదనను. కానీ ఈరోజు డయాలసిస్‌లో ఒంట్లో ఎక్కువైన నీళ్లు తీసేశారు, బరువు సరిగ్గానే ఉంది. అయినా 178.

1992లోనే అమెరికా డాక్టర్లు డయాలసిస్ పేషెంట్ల కాలి నరంలోకి సన్నటి సూది పెట్టి, మెదడు నుంచి సింపథెటిక్ నరాల్లో వచ్చే కబుర్లు లెక్కపెట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. రెండు కిడ్నీలూ తీసేసినవాళ్లలో మాత్రం మామూలుగానే ఉంది. వాళ్లూ డయాలసిస్ మీద ఉన్నవాళ్లే. అంటే ఆ గోలంతా పాడైన కిడ్నీదే. వంటింట్లో ఉన్న మా అమ్మది కాదు.

పైగా వెళ్తూ వెళ్తూ "ఇన్ని మాత్రలెందుకు, ఆపేసి యోగా చేయించండి" అంది అత్త. నాన్న వేసుకునే వాటిలో క్లోనిడిన్ ఉంది. అది మెదడులోనే పనిచేసి నరాలకు వెళ్లే ఆ కబురుని తగ్గిస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగిరిపోతుంది. ప్రాణం మీదకొస్తుంది. ఆ మాట నాన్న వినేలా అంది, ఆయన తల కూడా ఊపాడు. నాకు దానికే ఎక్కువ భయంగా ఉంది.

అసలు ఈ టెన్షన్ అనే మాట మా ఇంటికి తెచ్చింది అత్త కాదు. తొమ్మిదేళ్ల క్రితం నాన్నకి తలనొప్పని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. బీపీ 160. "జీడితోట అప్పుల టెన్షన్, తగ్గిపోద్ది" అన్నాడు అక్కడి డాక్టర్. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రాయలేదు, మూత్రపరీక్ష రాయలేదు. ఉద్దానం కిడ్నీ జబ్బులో చాలామందికి మొదట్లో బీపీ పెరగదు కూడా. పెరిగి కనబడిందంటే ఆ రోజే రక్తం తీయాలి కదా! మూడేళ్లు నాన్న అది మనసు జబ్బనే నమ్మాడు. అమ్మ ఇంట్లో గట్టిగా మాట్లాడటం అప్పుడే మానేసింది. తన వల్లే అనుకుంది.

ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో అమ్మ చీరల కింద ఉంది. 160/100, దాని కింద ఒక నిద్రమాత్ర, అంతే. అత్త ఆదివారం మళ్లీ వస్తానంది. ఆ చీటీ తీసి ముందు ఆమెకే చదివి వినిపిస్తాను, అమ్మ పక్కనుండగానే.