టైల్స్ వేశాక చూపిస్తే ఏం లాభం?

డెబ్బై ఎనభై లక్షలు పెట్టి ఫ్లాట్ బుక్ చేసుకున్న మనిషి స్లాబ్ పోసే రోజు సైటుకు వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. సేఫ్టీ సార్, ఆదివారం రండి, మోడల్ ఫ్లాట్ చూపిస్తాం అంటారు. అదే ఫ్లాటుకు లోన్ ఇచ్చే బ్యాంకు మాత్రం తన మనిషిని పంపి, ఎన్ని స్లాబులు పడ్డాయో చూసుకున్నాకే తర్వాతి వాయిదా వదులుతుంది, ఆ ఫీజు కూడా చాలాసార్లు కొన్నవాడి నెత్తినే. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టేవాడు సొంతంగా ఓ ఇంజినీరును తెచ్చుకుంటానంటేనే అందరికీ ఎక్కడలేని ఇబ్బంది.

ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా, ఉంది కదా అంటారు. ఉంది, మంచి చట్టమే. 2016లో వచ్చిన ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో బాగుచేయాలి. 19వ సెక్షన్ ప్లాన్లు, స్పెసిఫికేషన్లు, ఏ దశ ఎప్పటికి పూర్తవుతుందో తెలుసుకునే హక్కు ఇచ్చింది. కాగితాలు చూడొచ్చు గానీ, కడుతుండగా మన ఇంజినీరును లోపలికి తీసుకెళ్లే హక్కు మాత్రం అందులో విడిగా రాయలేదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫై చేస్తేనే తీయాలి. బాగానే ఉంది, కానీ ఆ ముగ్గురికీ ఫీజు ఇచ్చేది బిల్డరే. పైగా వాళ్లు చెప్పేది పని ఎంత అయిందని, ఎంత బాగా అయిందని కాదు.

ఇంట్లో తేడా వచ్చేది కంటికి కనపడని చోటే. ఊచలు షీటుకు తగలకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మెలు, అంటే కవర్ బ్లాకులు, పెట్టారా లేదా అన్నది స్లాబ్ పోయకముందే చూడాలి. పెట్టకపోతే ఊచ సెంట్రింగ్ షీటుకు ఆనుకుని ఉండిపోతుంది, ఏడెనిమిదేళ్లకు తుప్పుపట్టి పెచ్చులూడటం మొదలవుతుంది, అప్పటికి రెరా ఐదేళ్లూ దాటిపోయి ఉంటాయి. పిల్లర్లకు గోనెసంచులు చుట్టి కనీసం వారం పది రోజులు తడిపారా, షీట్లు విప్పాక కంకర తేలిన చోట పైపైన సిమెంటు పూసి మూసేశారా, బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ చేశాక ఒకరోజైనా నీళ్లు నిలబెట్టి చూశారా, ఇవేవీ ప్లాస్టరింగూ టైల్సూ అయ్యాక తెలియవు. ఆ తర్వాత పై ఫ్లాటు నీళ్లు కింది సీలింగులో దిగితే ఇరుగుపొరుగు కొట్టుకోవాలి, బిల్డర్ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు.

లీకేజీలతో పోయేదైతే సర్దుకుపోవచ్చేమో. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైజోలో, జనం కాపురముంటున్న టవర్లోనే, పై అంతస్తు స్లాబు విరిగి కింది వాటిని కూల్చుకుంటూ పడి ఇద్దరు మహిళలు చనిపోయారు. ఐఐటీ ఢిల్లీ పరీక్షిస్తే కాంక్రీటులో క్లోరైడ్ ఉండి ఊచలు తుప్పుపట్టాయని తేలింది. 2014లో చెన్నై మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తులు కుప్పకూలి 61 మంది పోయారు, వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలూ ఉన్నారు.

డాలస్‌లో కొత్త ఇల్లు కట్టించుకునే మనవాళ్లను అడగండి. ఫౌండేషన్ పోసేముందు ఒకసారి, గోడలు మూసేముందు ఇంకోసారి సొంత ఇన్‌స్పెక్టరును పంపడం అక్కడ మామూలే. ఇక్కడ అడిగితే మాత్రం 'మా మీద నమ్మకం లేదా' అని నొచ్చుకుంటారు!

మూడొందల మంది మూడొందల ఇంజినీర్లను తెస్తే పని సాగదని బిల్డర్లు అంటారు, అది నిజమే. అందుకే సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయ్యాక రెరా ప్రకారం ఏర్పడాల్సిన కొనుగోలుదారుల సంఘానికి ఈ పని అప్పగించొచ్చు. సంఘం తరఫున ఒకే ఇంజినీరు, స్లాబు ముందు, ప్లాస్టరింగ్ ముందు, టైల్స్ ముందు వెళ్లి చూసి, రిపోర్టు రెరా వెబ్‌సైటులో పెట్టాలి. దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. సేల్ అగ్రిమెంట్ నమూనా రాష్ట్ర నిబంధనల్లోనే ఉంటుంది కాబట్టి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు అందులో ఈ షరతు చేర్చాలి.

ఈలోగా కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా 13వ సెక్షన్ చెబుతోంది. తనిఖీ షరతు రాయమని గట్టిగా అడగాల్సింది ఆ సంతకం పెట్టకముందే.