తాడిపత్రి మనదే, టార్పాలిన్ మాత్రం వాళ్లదే

వానలు మొదలయ్యాయో లేదో, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. 'టార్పాలిన్' అసలు మన 'తాడిపత్రి' అట, తెల్లవాళ్లు ఆ మాట ఎత్తుకెళ్లి నోరు తిరక్క అలా మార్చేశారట, ఆ సరుకు మొదట తాడిపత్రి ఊళ్లో తయారైందట. తెలుగు మీద ప్రేమతోనే పంపుతున్నారు. నాకూ ఆ ప్రేమ ఉంది కాబట్టే ఊరుకోలేకపోతున్నా.

మొదట ఎత్తుకెళ్లడం సంగతి. నిఘంటువులు చెప్పేది టార్, పాల్ కలిసిన మాట అని. టార్ అంటే మన రోడ్లకు పోసే తారే. పాల్ అంటే పైన పరిచే గుడ్డ. శవపేటిక మీద కప్పే గుడ్డను ఇంగ్లీషులో ఇప్పటికీ అలాగే అంటారు. ఓడల్లో సరుకు తడవకుండా కాన్వాసుకు తారు పట్టించి కప్పేవాళ్లు. ఆ బట్టనే ఒంటికి చుట్టుకునే నావికులకూ అదే పేరు పడింది, తర్వాత 'టార్' అని కురచయింది. 1600 ప్రాంతానికే ఈ మాట ఇంగ్లీషులో ఉంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు మచిలీపట్నంలో దిగింది 1611లో. మన మాట వాళ్ల చెవిన పడేదెప్పుడు?

పోలిక మాటకొస్తే, తాడి అంటే తాటిచెట్టు, పత్రి అంటే వినాయక చవితికి తెచ్చుకునే పత్రే, ఆకు. తాటాకు కప్పిన ఇంట్లో పడుకున్నవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మరాఠీలోనూ టార్పాలిన్‌ను తాడ్‌పత్రి అనే అంటారు. ఇంత చక్కటి మాట మన దగ్గరుండగా పక్కవాళ్ల మాట మనదని చెప్పుకోవడం ఎందుకు? ఉత్తరాదివాళ్ల తిర్పాల్ మాత్రం ఆ ఇంగ్లీషు మాటే, నోళ్లలో నలిగి అలా అయింది.

ఇక ఊరు. తాడిపత్రిలో విజయనగర కాలపు గుళ్లున్నాయి గానీ, ఈ సరుకు పుట్టింది అక్కడ కాదు. మనం కొనే నీలం షీటు పాలిథిన్, అది పుట్టింది 1933లో, ఇంగ్లండులో.

మొన్న బేగంబజార్‌లో నా ముందున్న రైతు వడ్ల కుప్ప మీదికి తాడిపత్రి అడిగాడు. వెనకున్న బిహార్ కుర్రాడు తిర్పాల్ అన్నాడు. నా బిల్లు మీద టార్పాలిన్ అని రాశారు. ముగ్గురికీ ఒకే కట్టలోంచి, అంచుకు రింగులు కొట్టిన అదే నీలం షీటు తీసి మడతపెట్టి ఇచ్చాడు షాపాయన.