అదే చీర మళ్లీ కట్టాను, అయితే ఏంటట?

మొన్న పర్లాకిమిడిలో మా చుట్టాలింట్లో పెళ్లి. భోజనాల దగ్గర వరసకు పిన్ని అయ్యే ఒకావిడ నా పక్కన కూర్చుంది. విస్తట్లో ఇంకా పప్పు కూడా పడలేదు, నా కొంగు అందుకుని రెండు వేళ్లతో జరీ నలిపి చూసి, "ఓలమ్మ, ఇది శ్రీకాకుళంలో గృహప్రవేశానికి కట్టిన చీరే కదే? అంతకుముందు మీ మరిది పెళ్లికీ ఇదే. ఉద్యోగం చేస్తున్నావు కదా, ఇంకోటి కొనుక్కోకూడదా?" అంది. ఎదుటి బంతిలో వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మూడు రోజులు మా ఆయన మీద, పిల్లాడి మీద, చివరికి కుక్కర్ మీద కూడా విసుక్కున్నాను.

చిత్రం ఏమిటంటే, అదే పెళ్లిలో, అదే పిన్ని కూతురు సాయంత్రం నా పక్కన చేరి ఫోన్లో వీడియో చూపించింది. "అక్కా, ఇది చూడు. ఫ్రెంచ్ వాళ్ల స్టైల్. పది బట్టలే. వాటినే తిప్పి తిప్పి ఏడాదంతా వేస్తారు. ఎంత క్లాస్‌గా ఉందో!" పారిస్ అమ్మాయి అదే కోటు మూడు శీతాకాలాలు వేస్తే క్లాసు. మా ఒడిశా బరంపురంలో ఆడది అదే పట్టుచీర మూడు ఫంక్షన్లకు కడితే పిసినారి. తల్లీకూతుళ్లు ఒకే పందిట్లో ఉండి ఈ రెండు మాటలూ అన్నారు. అనేసి, ఐస్‌క్రీం తినడానికి వెళ్లిపోయారు.

ఈ ఫ్రెంచ్ పిచ్చి నాకు తెలియనిది కాదు. రెండేళ్ల క్రితం నేనూ అందులో పడ్డాను. ఆ వీడియోలు చెప్పినవన్నీ కొన్నాను: అడ్డచారల టీషర్టు, తెల్ల చొక్కా, బిస్కెట్ రంగు ప్యాంటు, పల్చటి బ్యాలెట్ చెప్పులు, మెడకు చుట్టుకునే పట్టు స్కార్ఫు. ట్రెంచ్ కోటు ఒక్కటి వదిలేశాను, అంత బుద్ధి మిగిలింది. బిస్కెట్ రంగు ప్యాంటు మొదటి వానకే మోకాళ్ల దాకా బురద చిత్రాలతో వచ్చింది. స్కార్ఫు చుట్టుకుని ఆఫీసుకు వెళ్తే "మేడమ్, గొంతు నొప్పా?" అని ముగ్గురు అడిగారు. చారల టీషర్టు చూసి మా వాడు తన పీటీ డ్రస్సు వేసుకున్నానన్నాడు. ఇక బరంపురం మే నెల ఉక్క సంగతి ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న గోపాలపూర్ సముద్రం మీంచి వచ్చే గాలి కూడా తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. ఆ వాతావరణంలో మెడకు పట్టు గుడ్డ చుట్టుకున్న నన్ను తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

తర్వాత కోపంతో ఆ వస్తువుల పుట్టుక గురించి చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, నేను తప్పు చోట ఖర్చు పెట్టానని. ఆ చారల చొక్కా అసలు ఫ్యాషనే కాదు. 1858లో ఫ్రెంచ్ నౌకాదళం మామూలు నావికులకు పెట్టిన యూనిఫాం. 21 తెల్ల చారలు, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు, మధ్యలో 10 మిల్లీమీటర్ల నీలం చారలు, అంతా లెక్క ప్రకారం. ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ 1913లో దోవిల్ అనే సముద్రతీర పట్టణంలో దుకాణం పెట్టి, అప్పటిదాకా మగవాళ్ల లోదుస్తులకు వాడే జెర్సీ గుడ్డతో డబ్బున్న ఆడవాళ్లకు బట్టలు కుట్టి అమ్మింది. ఇక ఫ్రెంచ్ స్టైల్ అనగానే అందరూ చూపించే నటి, గాయని జేన్ బర్కిన్ అసలు ఫ్రెంచ్ మనిషే కాదు, లండన్‌లో పుట్టింది. ఎక్కడికెళ్లినా చేతిలో ఒక అల్లిన బుట్ట ఉండేది. ఆవిడ పేరుతో తర్వాత వచ్చిన బ్యాగు, అందులోనూ ఆవిడ వాడిన మొట్టమొదటిది, 2025 జూలైలో పారిస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. బుట్టతో తిరిగిన మనిషి పేరు మీద ఆ రేటు!

అంటే వాళ్లు చేసింది ఏమిటి? తమ ఒడ్డున పనివాళ్లు వేసుకునే గుడ్డను సిగ్గుపడకుండా తీసుకున్నారు. మరి మన ఒడ్డున? గోపాలపూర్‌లో వల లాగే మన జాలర్లు, ఇక్కడివాళ్లు నోలియాలంటారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, వాళ్లు కట్టే గళ్ల లుంగీ ఉంది కదా. నేను గిరి మార్కెట్‌లో నీలం గళ్ల లుంగీలు రెండు కొని, పొడుగు చేతుల కుర్తా కుట్టించుకున్నాను. మా అమ్మ "మీ నాన్న లుంగీ చింపావా ఏంటి?" అంది. కానీ ఆ కుర్తాకు ఆఫీసులో వచ్చినన్ని మెచ్చుకోళ్లు చారల టీషర్టుకు రాలేదు. ఇలాంటి గళ్ల గుడ్డే ఒకప్పుడు ఓడలెక్కి ఫ్రెంచ్ వాళ్ల కరీబియన్ దీవులు, మార్టినిక్, గ్వాడెలూప్‌లకు చేరింది. అక్కడి ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో దాని పేరు ఇప్పటికీ 'మద్రాస్'. బరంపురం ఉన్న మా గంజాం జిల్లా కూడా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి, ఆ పేరులో మాకూ కాస్త వాటా ఉందని నా వాదన.

ఇంకో సంగతి. మన మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకం గుడ్డల మీద ఫ్రాన్స్ జనం ఎంత మోజు పడ్డారంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని అక్కడి ప్రభుత్వం 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఎత్తలేదు. డెబ్బై మూడేళ్లు! ఆ నిషేధం ఇంకా ఉండగానే 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ మన కోస్తా జిల్లాలను, అంటే ఉత్తర సర్కారులను, ఫ్రెంచ్ వాళ్లకు రాసిచ్చాడు. చికాకోల్ (ఇప్పటి శ్రీకాకుళం) సర్కారుతో పాటు మేమూ కొన్నేళ్లు వాళ్ల చేతికిందే ఉన్నాం. స్టైల్ మాత్రం ఏమీ వదిలి వెళ్లలేదు.

ఇక్కడ ఎవరో ఒకరు కామెంట్ పెడతారని తెలుసు: "మన అమ్మమ్మలు ఎప్పుడో ఇలా బతికారమ్మా, నాలుగు చీరలతో." దయచేసి ఆ మాట నా దగ్గర అనొద్దు. మాది దేరా వీధి. మా అమ్మమ్మ జీవితమంతా ఊళ్లోవాళ్ల పెళ్లిచీరలకు కండెలు చుట్టింది. పక్కనే తాత మగ్గం మీద ఫోడా కుంభం అంచు, అదే ఆ గుడి గోపురాల వరస, దిగుతూ ఉండేది. ఆ అంచు ఉన్న బరంపురం పట్టుచీర ఆవిడ పెట్టెలో ఒక్కటే ఉండేది. అది స్టైల్ కాదు, డబ్బు లేకపోవడం. కొనగలిగి కూడా కొనకపోవడం వేరు, కొనలేకపోవడం వేరు. పారిస్‌లో మోచేతి దగ్గర చిరిగిన స్వెటర్ వేసుకుంటే అందం అంటారు. మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి మోచేతి దగ్గర చిరిగిన జాకెట్టు వేసుకుంటే ఎవరూ అందం అనరు. నేను మూడోసారి కట్టినప్పుడు నాకు వచ్చింది వెక్కిరింత మాత్రమే. ఆ అమ్మాయి కడితే జాలి పడతారు. నా కోపం నిజమే గానీ, అది ఎంత చిన్నదో కూడా తెలుసు.

ఇంతకీ ఫ్రెంచ్ వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది నాకు కనిపించింది ఒక్కటే: ఫిటింగ్. చాలామంది దీన్ని వదిలేసి రంగుల వెంట పడతారు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర కూర్చోవాలి. ప్యాంటు అంచు చీలమండ దగ్గర ఆగాలి, చెప్పు కింద నలగకూడదు. ఎనిమిది వందల కుర్తా అయినా భుజం కూర్చుంటే ఖరీదైనదిలా కనిపిస్తుంది. అది జారితే ఎనిమిది వేలదైనా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. మనకు ఇందులో పారిస్ కంటే సుఖం ఉంది, సందుకో టైలర్ ఉన్నాడు. కానీ మనం అతన్ని వాడుకునే తీరు ఎలా ఉంది? అయిదేళ్ల నాటి ఆది జాకెట్టు ఒకటి అతని మొహాన పడేసి "దీని కొలతే" అని వచ్చేస్తాం. ఈ అయిదేళ్లలో ఒళ్లు మారలేదా? నేను బడాబజార్‌లో మా మాస్టారితో ఇప్పుడు ప్రతిసారీ కొత్తగా కొలత తీయిస్తాను. ఆయన విసుక్కుంటాడు. లోపల రెండు వైపులా అంగుళం గుడ్డ వదలమంటాను, రేపు లావెక్కితే విప్పుకోవచ్చు. రెడీమేడ్ ఏది కొన్నా మొదట ఆయన దగ్గరికే వెళ్తుంది, తర్వాతే ఒంటి మీదకి. వంద రూపాయల లోపు ఆల్టరేషన్ చేసే మేలు, రెండు వేల కొత్త బట్ట చేయదు.

అదే పట్టుచీరకు నా దగ్గర మూడు జాకెట్లు ఉన్నాయి. ఒకటి దానితో వచ్చిన ముక్కతో కుట్టించింది, అది పెళ్లిళ్లకు. రెండోది మోచేతుల దాకా ఉన్న నల్ల కాటన్. దానితో కట్టిన రోజు మెడలో ఏమీ వేయను, చెవులకు మాత్రం పెద్ద జూకాలు. మూడోది ఆఫీసులో పండగ రోజులకు, ఆ ఫ్రెంచ్ పిచ్చిలో కొన్న తెల్ల చొక్కానే, చేతులు మడిచి వేసుకుంటాను. ఆ కొనుగోళ్లలో పనికొచ్చింది అదొక్కటే. నెక్లెసు, హారం, వంకీ, వడ్డాణం, పైన పూలు, అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఎదుటివాళ్లకు మొహం చూసే తీరిక ఉండదు. మా పిన్నికి ఈ మాట చెప్తే బంగారం లేదు కాబట్టి చెప్తున్నానంటుంది.

ప్రయాణాలకు పెద్దగా చెప్పేది లేదు. విశాఖ వెళ్లాలంటే రైల్లో రెండు కుర్తాలు, ఒక నల్ల ప్యాంటు, మా ఒడిశా కోట్‌పాడ్ నేత దుప్పటా. చెట్టు వేళ్ల నుంచి తీసిన ఆ ముదురెరుపు మీద పలాసలో టీ ఒలికినా తెలియదు. ఏసీ బోగీలో కప్పుకోవచ్చు, దిగాక మెడలో వేసుకోవచ్చు. ఎవరూ గొంతు నొప్పా అని అడగరు.

ప్యాంటు అంటే గుర్తొచ్చింది. పారిస్‌లో ఆడవాళ్లు మగవాళ్ల బట్టలు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలని 1800లో ఒక ఆజ్ఞ పెట్టారు. తర్వాత 1892లో, 1909లో కాస్త సడలించారు: చేతిలో గుర్రం కళ్లెమో, సైకిల్ హ్యాండిలో ఉంటే ప్యాంటు వేసుకోవచ్చట! ఎప్పుడో పనికిరాకుండా పోయిన ఆ ఆజ్ఞ ఇక చెల్లదని ప్రభుత్వం చెప్పింది మాత్రం 2013లో. చదివి పడీపడీ నవ్వాను. మా ఇంట్లోనూ ఇంతే జరిగింది. కాలేజీలో చేరినప్పుడు జీన్స్ అడిగితే మా నాన్న ససేమిరా అన్నాడు. డిగ్రీ రెండో ఏడు స్కూటీ కొన్నాక, చీరో చున్నీయో చక్రంలో పడుతుందని భయపడి ఆయనే తీసుకెళ్లి కొనిచ్చాడు. స్కూటీ దిగాక ఇంట్లో మాత్రం వద్దన్నాడు.

వచ్చే నెల రాయగడలో మా పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్. పిన్ని కూడా వస్తోందని విన్నాను. ఆ పట్టుచీరే కడుతున్నాను, నాలుగోసారి. నల్ల జాకెట్టుకు చంక దగ్గర కుట్టు కాస్త విప్పాలి, వదిలిన అంగుళం ఇప్పుడు పనికొచ్చింది. మాస్టారు గురువారం ఇస్తానన్నాడు, అంటే శనివారం.