పట్టికలో లేని మూడు గుండెపోట్లు

2000 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ట్రయల్ ఫలితాలను ప్రచురించింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఎనిమిది వేల పైచిలుకు రోగుల్లో కొందరికి రోఫెకాక్సిబ్ అనే కొత్త నొప్పిమాత్ర, మిగిలినవారికి పాతదైన నాప్రోక్సెన్ ఇచ్చి చూశారు. కొత్త మాత్ర కడుపుకు తక్కువ చేటు చేస్తుందని తేలింది. 2004లో ఆ మాత్ర గుండెకు ముప్పన్న కారణంతో మార్కెట్‌ నుంచి వెళ్లిపోయింది. 2005 డిసెంబరులో అదే జర్నల్ ఎడిటర్లు ఆ పేపర్ మీద తమ ఆందోళనను బహిరంగంగా రాయాల్సి వచ్చింది. రోఫెకాక్సిబ్ వాడినవారిలో మరో ముగ్గురికి వచ్చిన గుండెపోట్లు పేపర్‌లో లేవు. కనీసం ఇద్దరు రచయితలకు ఆ సంగతి అచ్చుకు నెలల ముందే తెలుసు. లెక్కకు ముందుగా పెట్టుకున్న గడువు దాటాక వచ్చాయి గనుక చేర్చలేదని రచయితలు వాదించారు. కానీ గుండె సమస్యల లెక్కకు పెట్టిన గడువు, కడుపు సమస్యల గడువు కంటే దాదాపు నెల ముందే ముగిసింది. ఇలా రెండు గడువులు ఉన్నాయన్న సంగతి పేపర్‌లో ఎక్కడా చెప్పలేదు.

పాత కథను మళ్లీ తవ్వడానికి కారణం ఉంది. మెడికల్ జర్నల్‌కు పేపర్ పంపడం అనగానే ఫాంటు, లైన్ల మధ్య ఖాళీ, రిఫరెన్సుల వరస, ఇంగ్లిష్ దిద్దుబాటు గుర్తొస్తున్నాయి. యువ వైద్యుల టెన్షన్ అంతా వాటి చుట్టూనే. వర్క్‌షాపుల్లో ఎక్కువ సమయమూ వాటికే పోతోంది. ఏ తేదీ వరకు లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్న ప్రశ్నలు మాత్రం చివరి రాత్రికి మిగిలిపోతున్నాయి. మా దృష్టిలో పేపర్ తయారీ అంటే ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోవడం. ఆ జవాబులు మొదటి రోగి స్టడీలో చేరకముందే కాగితం మీద ఉండాలి.

క్లినికల్ ట్రయల్స్ విషయంలో ఈ మాట ఇప్పుడు నియమంగానే ఉంది. ప్రముఖ మెడికల్ జర్నల్స్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ 2004 సెప్టెంబరులో ఒక షరతు ప్రకటించింది. 2005 జూలై 1 తర్వాత రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టే ట్రయల్‌ను, మొదటి రోగి చేరకముందే అందరికీ కనిపించే రిజిస్ట్రీలో నమోదు చేయాలి. లేకుంటే ఆ పేపర్‌ను పరిశీలనకు తీసుకోరు. ఏ ఫలితాన్ని ప్రధానంగా కొలుస్తామో ముందే చెప్పాలి గనుక, తర్వాత బాగా వచ్చిన దాన్ని ముందుకు తెచ్చి, రాని దాన్ని వెనక్కి నెట్టే వీలు తగ్గింది. తగ్గిందే గానీ పోలేదు. రిజిస్ట్రీలో ఒక ప్రధాన ఫలితం, పేపర్‌లో మరొకటి కనిపించడం రివ్యూయర్లకు, అంటే అచ్చుకు ముందు పేపర్‌ను పరీక్షించే నిపుణులకు, కొత్తేమీ కాదు. మధ్యలో మార్చుకోవాల్సిన అవసరం నిజంగానే రావచ్చు. అప్పుడు ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. అవి రాయడానికి మొహమాటపడేవారే అనుమానాన్ని కొనితెచ్చుకుంటున్నారు.

పేపర్‌లో ఏమేం చెప్పాలో అడిగే చెక్‌లిస్టులదీ ఇదే తంతు. ట్రయల్స్‌కు కన్సార్ట్ 1996లో వచ్చింది. 2025లో మళ్లీ సవరించారు. చికిత్సను తాము నిర్ణయించకుండా జరిగేది గమనించే పరిశీలన అధ్యయనాలకు స్ట్రోబ్, ఒకరిద్దరు రోగుల గురించి రాసే కేస్ రిపోర్టులకు కేర్ ఉన్నాయి. కన్సార్ట్ అడిగే ఫ్లో డయాగ్రం చూడటానికి నాలుగు పెట్టెలు, కొన్ని బాణాలు. నింపడానికి కూర్చుంటే తెలుస్తుంది దాని పదును. ఎంతమందిని పరిశీలించారు, ఎంతమంది చేరారు, ఏ గ్రూపు నుంచి ఎందరు మధ్యలో తప్పుకున్నారు, చివరి లెక్కలో ఎందరు మిగిలారు అన్నీ అంకెల్లో చెప్పాలి. వివరాలు రోజువారీ రాసుకోనివారికి ఆ పెట్టెలు నిండవు. అందుకే చెక్‌లిస్టును మొదటి రోజు ప్రింట్ తీసి గోడకు అంటించుకోవాలి. సబ్మిట్ బటన్ నొక్కే ముందు హడావిడిగా పేజీ నంబర్లు వేసి అప్‌లోడ్ చేయడం వల్ల ఒక ఫైలు పెరుగుతుంది, అంతే.

రాసే వరస గురించి కూడా చెప్పుకోవాలి. టైటిల్‌తో మొదలుపెట్టి చివరి దాకా ఒక్క బిగిన రాయాలని చూసేవాళ్లు ఇంట్రడక్షన్ దగ్గరే ఆగిపోతారు. ముందు పట్టికలు, బొమ్మలు సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాత మెథడ్స్, రిజల్ట్స్. ఇంట్రడక్షన్, డిస్కషన్ వాటి వెనక. అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం), టైటిల్ ఆఖరున. ముందే రాసుకున్న అబ్‌స్ట్రాక్ట్‌ను తర్వాత దిద్దడం మర్చిపోతారు. అక్కడ 212 మంది రోగులు, పట్టికలో కూడితే 209! ఆ ముగ్గురు ఏమయ్యారో తెలియక ఎడిటర్ అక్కడే ఆగుతాడు. ఆపైన చదివేదంతా అనుమానంతోనే. ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి అంకెనూ అది కనిపించే అన్ని చోట్లా సరిచూసుకుంటే తప్పిపోయే అవమానం ఇది. శాతం ఇచ్చిన ప్రతిచోటా ఎంతమందిలో అన్నది కూడా ఇవ్వాలి. ఐదుగురిలో ముగ్గురికి నయమైతే అరవై శాతం అని రాయడం తప్పు కాదు గానీ, ఆ ఐదుగురిని దాచడం తప్పు.

డిస్కషన్ దగ్గరికి వచ్చేసరికి కలం కాస్త ఉత్సాహపడుతుంది. పాత కేస్ షీట్లు తిరగేసి చేసిన స్టడీలో రెండు విషయాలు కలిసి కనిపించాయంటే ఒకటి రెండోదానికి కారణమని అర్థం కాదు. ‘తగ్గించింది’, ‘నివారించింది’ అనే క్రియలు అక్కడ చెల్లవు. పీ విలువ (నిజానికి తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ వచ్చిందని సంబరపడే ముందు తేడా ఎంత ఉందో, ఆ అంచనా ఏ హద్దుల మధ్య ఊగుతోందో చెప్పాలి. వేల మందిని లెక్కలోకి తీసుకుంటే రోగికి పనికిరాని తేడా కూడా ఆ గీత దాటేస్తుంది. పరిమితుల పేరాను చాలామంది శ్యాంపుల్ చిన్నది, ఒకే ఆసుపత్రి అని ఒక వాక్యంతో దాటేస్తారు. ఆ పరిమితి ఫలితాన్ని ఎటువైపు లాగి ఉంటుందో చెప్పనిదే ఆ పేరా ఉన్నా లేనట్టే.

రచయితల పేర్ల దగ్గర మాకు నిజంగానే కోపం ఉంది. పైన చెప్పిన ఎడిటర్ల కమిటీ లెక్కలో రచయిత కావడానికి నాలుగు షరతులు ఉన్నాయి. స్టడీ రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాయడంలోనో, లోతుగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. అచ్చయ్యే రూపాన్ని ఆమోదించాలి. రేపు ప్రశ్న వస్తే బాధ్యత వహించాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి చాలదు. ఈ కొలతకు నిలబడని విభాగాధిపతుల పేర్లు ఎన్ని పేపర్ల నెత్తిన కూర్చున్నాయో అందరికీ తెలుసు. పీజీ విద్యార్థి ‘సార్ పేరు పెట్టను’ అనలేడు. ఆ మాట అనాల్సింది సారే. నిధులు తెచ్చినవారికి, యంత్రం ఇచ్చినవారికి కృతజ్ఞతల చోటు ఉంది. ఏఐ టూల్‌ను రచయితగా పెట్టకూడదని ఇదే కమిటీ 2023లో తేల్చింది, అది బాధ్యత వహించలేదు గనుక. వాడితే ఎక్కడ, ఎలా వాడారో చెప్పాలి. బాధ్యత వహించలేని యంత్రానికి తలుపు మూసినప్పుడు, బాధ్యత వహించని మనిషికి ఎందుకు తెరిచి ఉంచాలి?

రోగి సంగతి మరీ చిన్నచూపుకు గురవుతోంది. కేస్ రిపోర్టులో ఫోటో పెట్టి కళ్ల మీద నల్ల పట్టీ గీస్తే సరిపోతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ పట్టీ మనిషిని దాచలేదు. గుర్తుపట్టే వీలున్న ప్రతి వివరానికీ రోగి రాతపూర్వక అనుమతి కావాలి, అచ్చయ్యే రూపాన్ని చూపించాకే. ఎథిక్స్ కమిటీ ఆమోదం దీనికి బదులు కాదు.

జర్నల్స్‌నూ వదిలిపెట్టలేం. 1978లో కొందరు ఎడిటర్లు వాంకూవర్‌లో కూర్చుని ఉమ్మడి పద్ధతులు రూపొందించిందే, ఒకే పేపర్‌ను జర్నల్‌కో తీరున మళ్లీ మళ్లీ టైప్ చేసే బాధ తప్పించడానికి. ఇప్పుడు చూస్తే, ఒకచోట అబ్‌స్ట్రాక్ట్ 250 పదాలు, ఇంకోచోట 300. ఒకచోట రిఫరెన్సు నంబరు పైన, ఇంకోచోట బ్రాకెట్లో. తిరస్కరించబోయే పేపర్‌కు ఈ ముస్తాబు ఎందుకు? మొదటిసారి ఏ రూపంలో పంపినా తీసుకుని, అంగీకరించాక ఫార్మాట్ అడిగే జర్నల్స్ ఇప్పటికే కొన్ని ఉన్నాయి. మిగిలినవీ ఆ దారి పట్టాలి. పరిశోధకుడికి మిగిలే ఆ రెండు మూడు రోజులు అంకెలు సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

జర్నల్ ఎంపికలో తొందర వద్దు. వారంలో అచ్చు గ్యారంటీ అని మెయిల్ పంపేవాడు రివ్యూ చేయించడని అర్థం చేసుకోవాలి. ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపకూడదు. తిరస్కరణ వస్తే అదే రోజు ఇంకో చోటికి తోసేయడం మామూలైపోయింది. కవర్ లెటర్‌లో పాత జర్నల్ పేరు అలాగే ఉండిపోవడం ఎడిటర్లకు నవ్వు తెప్పించే విషయమే. రివ్యూయర్లు శ్రమపడి రాసిన అభ్యంతరాలను ముట్టుకోకుండా పంపడం మాత్రం నవ్వుకునేది కాదు. ఒక్కో రంగంలో ఆ అంశం తెలిసినవారు కొద్దిమందే ఉంటారు. రెండో జర్నల్ కూడా అదే రివ్యూయర్‌కు పంపవచ్చు. ఆయన ముందుగా చూసేది, తాను కిందటిసారి పట్టుకున్న 209 ఇప్పటికైనా సరైందా లేదా అనే.