నూరు శాతం ఆడాకే చెప్పాలా?
ఏ హ్యాక్ అండ్ స్లాష్ గేమ్ (కత్తులతో శత్రువులను నరుకుతూ సాగే ఆట) అయినా నూరు శాతం ముగించాకే బాగుందో లేదో చెప్పాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఆ కోవలో 2001లో వచ్చిన డెవిల్ మే క్రై అంటే నాకు ప్రాణం. ఆ ఇష్టంతోనే 2003 నాటి రెండో భాగం మొత్తం ఆడాను. అందులో కత్తి తిప్పే అవసరమే పెద్దగా రాదు. దూరంగా నిలబడి తుపాకీ బటన్ నొక్కుతూ ఉంటే చాలు, బాస్‌లు (పెద్ద శత్రువులు) కూడా పడిపోతారు, దయ్యం పట్టిన హెలికాప్టర్‌తో సహా. మనం ఆడే పాత్రల్లో డాంటేకి 18 మిషన్లు, లూసియాకి 13. ట్రిష్ అనే ఇంకో పాత్ర కావాలంటే డాంటేతో హార్డ్ స్థాయిలో మళ్లీ మొదటి నుంచి ఆడాలి. అదీ చేశాను. అన్ని రాత్రులు కూర్చున్నా నా ఆట కొంచెం కూడా మెరుగుపడలేదు, బొటనవేలు నొప్పి మాత్రం మిగిలింది. కష్టమైన గేమ్‌లో ఓడిపోతే కోపం వస్తుంది, కానీ ఇంకోసారి ఆడాలనీ అనిపిస్తుంది. ఇక్కడ గెలుస్తున్నా విసుగే. గోడ మీద పరుగెత్తడం, గాల్లో దొర్లడం మాత్రం నిజంగా బాగున్నాయి, వాటిని ఇలా వృథా చేశారే అని ఇప్పటికీ బాధేస్తుంది. మొదటి నాలుగైదు మిషన్లలో నాకు కలిగిన అభిప్రాయం చివరి దాకా ఏమీ మారలేదు.